సంచిలో రెండు తూనికరాళ్లు

వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 25:13–16, లూకా 13:1–5



పూర్వము సంతలో కొందరు వర్తకులు సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉంచుకొనేవారు. రైతు దగ్గర ధాన్యము కొనేటప్పుడు బరువైన రాయి బయటికి తీసేవారు. అదే ధాన్యము బీదవానికి అమ్మేటప్పుడు తేలికైన రాయి తీసేవారు. చూడటానికి రెండూ ఒకేలా ఉండేవి. మోషే ధర్మశాస్త్రము దీనిని వ్యాపారములో సహజమే అని వదలలేదు. అలా చేసేవాడు దేవునికి హేయుడని చెప్పింది.

ఈ నెల మేము వ్రాయదలచినది ధాన్యము తూచే రాళ్లను గురించి కాదు, మనుష్యులను తూచే రాళ్లను గురించి. దేశము మీదికి యుద్ధము గాని, వరద గాని, తెగులు గాని వచ్చినప్పుడు తప్పెవరిది, దుఃఖమెవరిది అని మనము తూస్తూ ఉంటాము. ఆ సమయములో మన చేతిలో ఉన్నది ఒకే రాయా, రెండు రాళ్లా? విశ్వాసులు నెమ్మదిగా ఆలోచించవలసిన సంగతి ఇది.

ఆపదలో పుట్టే మొదటి ప్రశ్న

యోనా గ్రంథము మొదటి అధ్యాయము చూడండి. పెనుతుఫానులో ఓడ బద్దలయ్యేలా ఉంది. చీటి యోనా పేరున వచ్చింది. వెంటనే ఓడవారు నీ పని ఏమిటి, నీ దేశమేది, నీవు ఏ జనమువాడవు అని వరుసగా ప్రశ్నలు వేశారు. చుట్టూ అలలు లేస్తున్నా మనిషి నోట ముందు వచ్చే మాట ఇదే: "నీవు ఎవరివాడవు?"

అయితే ఆ అన్యజనులైన నావికులలో ఒక మంచితనము ఉంది. యోనా తానే, నన్ను ఎత్తి సముద్రములో పడవేయండి అన్న తరువాత కూడా వారు తొందరపడలేదు. అతనిని ఒడ్డుకు చేర్చాలని బలముకొలది తెడ్లు వేశారు (1:13). పరాయి జనమువాడని, పరాయి దేవుని సేవకుడని తెలిసి కూడా అతని ప్రాణము కొరకు కష్టపడ్డారు. ఆ పాటి ఓపిక మన దేశములో, మన సంఘములలో ఎంత ఉందో చూద్దాము.

2020లో జరిగినది

కరోనా వచ్చిన తొలి దినములు మనకందరికీ జ్ఞాపకమే. 2020 మార్చి 22 ఆదివారము జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రము 5 గంటలకు పల్లెలలోను, పట్నములలోను వాకిళ్లలో నిలబడి చప్పట్లు కొట్టారు, పళ్లేలు మ్రోగించారు. మార్చి 25 నుండి 21 రోజుల లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు దీపాలు వెలిగించారు. దేశమంతా ఒకే ఇల్లు అన్నట్టు కనబడింది. కాని ఆ ఇంట్లో అప్పటికే గోడ లేస్తున్నది.

మార్చి నెలలో ఢిల్లీలోని నిజాముద్దీన్‌లో తబ్లీగీ జమాత్ వారి కూటములు జరిగాయి. ఇతర దేశములనుండి కూడా వచ్చినవారున్నారు. అక్కడికి వెళ్లివచ్చిన ఆరుగురు మరణించారని మార్చి 30న తెలంగాణ ప్రభుత్వము ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లోను ఏప్రిల్ తొలి దినములలో బయటపడిన కేసులలో చాలా భాగము అక్కడికి వెళ్లివచ్చినవారికి, వారి ఇంటివారికి సంబంధించినవే. ఇది నిజము. తెగులు వ్యాపిస్తున్న కాలములో ఇరుకైన భవనములో అంతమంది కూడి ఉండటము ప్రమాదమే. దానిని కప్పిపుచ్చవలసిన పని లేదు.

కాని మాట అక్కడ ఆగలేదు. "అజాగ్రత్త" అన్నది రెండు రోజులలో "కుట్ర" అయింది. కావాలనే జబ్బు అంటిస్తున్నారని, పండ్ల మీద ఉమ్మివేస్తున్నారని చెబుతూ పాత వీడియోలు, వేరే సందర్భములలో తీసిన వీడియోలు సెల్‌ఫోన్లలో తిరిగాయి. కూటమునకు వెళ్లినవారు కొన్ని వేలమంది. నింద పడినది మాత్రము దేశములోని కోట్లాదిమంది ముస్లిముల మీద. నిజాముద్దీన్ ఎక్కడుందో తెలియని కూరగాయల బండివానిని కూడా కొన్ని వీధులలో పేరు అడిగి వెనుకకు పంపించారు.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము ఆ కూటమునకు వచ్చిన విదేశీయులపై తన ముందున్న కేసులను కొట్టివేసింది. ఆపద వచ్చినప్పుడు ప్రభుత్వాలు బలిపశువును వెదకుతాయని, ఈ విదేశీయులను అలాగే ఎంచుకొని ఉండవచ్చని అభిప్రాయపడింది. డిసెంబరులో ఢిల్లీ న్యాయస్థానము మరి 36 మంది విదేశీయులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఏప్రిల్‌లో నిందను పదిమందికి పంపిన చేతులలో ఎన్ని డిసెంబరులో ఆ తీర్పును ఒక్కరికైనా పంపాయి?

విచారకరమైన సంగతి ఏమంటే, ఆ నిందను చేరవేసినవారిలో ఆదివారము ఆరాధనకు వచ్చేవారు కూడా ఉన్నారు. మరికొందరు మోయలేదు గాని, ఈసారి వేలు మనవైపు చూపలేదు కదా అని లోలోపల ఊపిరి పీల్చుకొన్నారు. అల్పసంఖ్యాకులకు ఇది పెద్ద శోధన. పొరుగువాని మీద రాళ్లు పడుతుంటే మన పైకప్పు క్షేమముగా ఉందని సంతోషించుట సులభము. గాలి తిరిగిన రోజున ఆ రాళ్లే మన ఇంటి మీద పడతాయి.

2021లో రాయి మారింది

మరుసటి సంవత్సరము ఏప్రిల్‌లో రెండవ అల వచ్చింది. అప్పుడే హరిద్వారములో కుంభమేళా జరుగుతున్నది. లక్షలాదిమంది గంగలో స్నానము చేశారు. ఏప్రిల్ 17న ప్రధానమంత్రి, మేళాను ఇక లాంఛనప్రాయముగా జరుపుకోవాలని సాధువులను కోరారు. అదే ఏప్రిల్ 17న మన దగ్గర తిరుపతి లోక్‌సభ స్థానానికి, నాగార్జునసాగర్ అసెంబ్లీ స్థానానికి ఉప ఎన్నికల పోలింగు జరిగింది. పశ్చిమ బెంగాలులో పోలింగు ఏప్రిల్ 29 వరకు సాగింది. పార్టీలన్నీ సభలు పెట్టాయి, జనమును తోలుకొచ్చాయి.

అప్పుడు మాట్లాడేవారు తారుమారయ్యారు. 2020లో కూటము నేరము అన్నవారిలో అనేకులు 2021లో "అది భక్తి" అన్నారు. 2020లో "పాపము, తెలియక చేరారు" అన్నవారిలో కొందరు 2021లో "మూఢులు" అన్నారు. ప్రతి పార్టీవాడు ఎదుటి పార్టీ సభలో జనమును లెక్కపెట్టాడు, తన సభలో ఉత్సాహమును లెక్కపెట్టాడు. క్రిమి మాత్రము ఎవరి గుర్తింపు కార్డూ అడగలేదు.

ఇక మన ఇంటి సంగతి. ఫ్రాన్సు దేశములో ముల్‌హౌస్ అనే పట్టణమున్నది. అక్కడ 2020 ఫిబ్రవరిలో ఒక సువార్తిక సంఘము ఉపవాస ప్రార్థనా వారము జరిపింది. సుమారు 2,000 మంది కూడారు. ఆ దేశములో తెగులు వ్యాపించిన తొలి పెద్ద కేంద్రములలో అది ఒకటి అయింది. 2021 ఏప్రిల్‌లో కేరళలోని మున్నారులో ఒక డయాసిస్ పాస్టర్ల కూటము జరిగింది. వందమందికి పైగా వ్యాధి సోకింది, కొందరు దైవసేవకులు ప్రభువునందు నిద్రించారు. నియమములు పాటించలేదని నిర్వాహకులపై కేసు కూడా నమోదైంది.

ముల్‌హౌస్ విశ్వాసులు కుట్ర చేశారని మనము అంటామా? అనము. వారు ప్రార్థించుటకు వెళ్లారు. నిజాముద్దీన్‌కు వెళ్లినవారూ తమ మతము ప్రకారము ప్రార్థించుటకే వెళ్లారు. హరిద్వారములో మునిగిన వృద్ధురాలు కూడా తన భక్తి కొద్దీ వెళ్లింది. మూడు చోట్లా తప్పు ఉన్నంతమట్టుకు తప్పు ఒకటే, దుఃఖము కూడా ఒకటే. మనవారికి "తెలియక జరిగింది" అనే తేలికరాయి, పైవారికి "కావాలని చేశారు" అనే బరువురాయి వేసినప్పుడు, ధర్మశాస్త్రము చెప్పిన వర్తకుడు మనలోనే ఉన్నాడు.

గుంపు చేసే మూడు పనులు

ఇట్లా ఎందుకు జరుగుతుంది? భయమునకు ఒక ముఖము కావాలి. కంటికి కనబడని క్రిమిని ద్వేషించుట కష్టము, వీధి చివర ఇల్లున్నవానిని ద్వేషించుట తేలిక. తనవారిని కాపాడుకోవాలని అనుకోవడములో తప్పు లేదు. కాని కులము గాని, మతము గాని, పార్టీ గాని గుంపుగా మారి మన బదులు ఆలోచించడము మొదలుపెడితే మూడు పనులు చేస్తుంది.

మొదటిది, ఏది నిజమో అదే నిర్ణయిస్తుంది. వార్త నిజమా అని కాదు, మనకు అనుకూలమా అని చూస్తుంది. సామెతలు 18:13 సంగతి వినకముందే ఉత్తరమిచ్చుట మూఢత్వమని హెచ్చరిస్తున్నది.

రెండవది, మనుష్యుల హృదయములోని ఉద్దేశము అదే చెబుతుంది. హృదయములను ఎరిగినవాడు దేవుడొక్కడే. గుంపు ఆ సింహాసనము మీద కూర్చుంటుంది.

మూడవది, ఎవరి కొరకు ఏడవాలో కూడా అదే చెబుతుంది. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ మిరపచేలలో కూలికి వచ్చిన 12 ఏళ్ల గిరిజన బాలిక, ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడిచి వెళ్తూ దారిలోనే కన్నుమూసింది. మే 8న ఔరంగాబాదు దగ్గర రైలుపట్టాల మీద అలసి నిద్రపోయిన 16 మంది వలస కూలీలు గూడ్సు రైలు క్రింద పడి మరణించారు. వారిని గురించి వార్త వచ్చింది, వెళ్లిపోయింది. నిజాముద్దీన్‌ను గురించి అన్ని రాత్రులు టీవీలో అరిచినవారు ఈ బిడ్డ కొరకు ఎన్ని రాత్రులు కూర్చున్నారు? ఎవరినైనా తిట్టుటకు పనికివచ్చినంత వరకే వారి చావు జ్ఞాపకమున్నది. గుంపు రాజకీయములో మరణించినవానికి విలువ లేదు, వాని మరణము వలన వచ్చే లాభమునకే విలువ.

సంఘము రెండు వైపులా నిలిచింది

చరిత్రలో సంఘము నింద మోసింది, నింద వేసింది కూడా. క్రీ.శ. 64లో రోమా పట్టణము కాలిపోయినప్పుడు నీరో చక్రవర్తి ఆ నేరము క్రైస్తవుల మీద మోపాడని చరిత్రకారుడైన టాసిటస్ వ్రాశాడు. ఎందరో హతసాక్షులయ్యారు. ఈ కథ మనము బిడ్డలకు చెబుతాము, చెప్పవలసినదే.

కాని 1348లో ఐరోపాలో నల్ల తెగులు వచ్చినప్పుడు, యూదులు బావులలో విషము కలిపారని పుకారు పుట్టించినది క్రైస్తవ జనమే. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్ పట్టణములో వందలాది యూదులను కాల్చి చంపారు. అప్పటికి ఆ పట్టణమునకు తెగులు ఇంకా రానేలేదు! పోపు ఆరవ క్లెమెంటు యూదులను కాపాడుమని 1348లోనే ఉత్తరువులిచ్చాడు. యూదులు కూడా ఈ తెగులుతో చనిపోతున్నారు గదా, యూదులు లేని చోట్ల కూడా తెగులున్నది గదా అని ఆయన వాదించాడు. ఎంత సాధారణమైన మాట! గుంపు చెవికి అది ఎక్కలేదు. ఈ కథ కూడా మన బిడ్డలకు చెప్పవలసినదే.

ప్రభువు తూచిన విధము

లూకా 13లో కొందరు ప్రభువునొద్దకు ఒక దుర్వార్త తెచ్చారు. బలులు అర్పించుచుండగా గలిలయులను కొందరిని పిలాతు చంపించాడట. వచ్చినవారు చచ్చినవారిని "గలిలయులు" అని చెప్పడము గమనించండి. గలిలయ తిరుగుబాటుదారుల ప్రాంతమని పేరుపడినది. ప్రభువు కూడా గలిలయలో పెరిగినవాడే. "చచ్చినవారు పాపులే" అంటే ఆయన స్వజనమునకు కోపము వస్తుంది. "పిలాతుదే పాపము, లేచి రండి" అంటే తిరుగుబాటు అవుతుంది. రెండు గుంపులూ ఆయన నోటివైపు చూస్తున్నాయి.

ఆయన ఏమి చేశారు? ఎవరూ అడగని మరొక సంగతి తెచ్చారు. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయారు. వారు ఎక్కడివారు? యెరూషలేము పక్షమువారు. మొదటి వార్తలో గలిలయవారు, రెండవ వార్తలో రాజధానివారు. ప్రభువు రెంటినీ ఒకే త్రాసులో పెట్టి ఒకే ప్రశ్న వేశారు: మిగిలినవారికంటె వీరు ఎక్కువ పాపులా? రెంటికీ ఒకే జవాబు చెప్పారు: కాదు. తరువాత వేలు వింటున్నవారివైపు త్రిప్పారు: మీరు మారుమనస్సు పొందండి. గలిలయవానికి ఒక రాయి, యెరూషలేమువానికి ఒక రాయి ఆయన వద్ద లేవు.

అలాగని ప్రభువు అధికారులకు భయపడి మాట దాటవేశారని అనుకోవద్దు. అదే అధ్యాయము 32వ వచనములో హేరోదును నక్క అన్నారు. అన్యాయమును అన్యాయమనుట వేరు, ఒక గుంపు కోపమునకు గొంతు ఇచ్చుట వేరు. ప్రభుత్వము లాక్‌డౌన్‌లో కూలీలను మరచినప్పుడు అడగవలసినదే. అధికారములో మనకిష్టమైన పార్టీ ఉన్నా అంతే గట్టిగా అడగాలి. అప్పుడే అది ప్రవక్తల స్వరము, లేకపోతే అది పార్టీ ప్రచారము.

మన నేలమీద ఒక మాదిరి

1876–78 గొప్ప క్షామములో ఒంగోలు ప్రాంతమంతా ఆకలితో అలమటించింది. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని, దిక్కులేని మాదిగలకు, మరి అనేకులకు పని, కూలి దొరికేటట్లు చేశారు. ఆ కాలములో వేలమంది బాప్తిస్మము కోరి వచ్చారు. ఆయన ఇవ్వలేదు. సహాయము పంచుతున్నంత కాలము బాప్తిస్మములు ఆపి ఉంచారు. అన్నము కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో కలిసిపోకూడదని ఆయన జాగ్రత్త. సహాయము ఆగిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

ఆ సంఖ్య మనము గొప్పగా చెప్పుకొంటాము. దాని ముందు ఆగిన నెలలను తక్కువగా చెప్పుకొంటాము. దేశపు ఆపదను తన గుంపు లాభమునకు వాడుకోకపోవడములో ఆయన నిజాయితీ ఉంది. గలతీ 6:10 విశ్వాస గృహమువారిని ప్రత్యేకముగా చూడమన్నది నిజమే. కాని ఆ వచనము అందరియెడలా మేలు చేయమనే మాటతో మొదలవుతుంది. సహాయపు జాబితాలో మన సంఘపు పేర్లే ఉంటే, మనము వచనములో సగమే చదివామన్నమాట.

ఇంటిలో ఆచరించుటకు

ఇవి పెద్ద పనులు కావు. ప్రతి కుటుంబము చేయదగినవే.

1. ఆపద సమయములో ఒక గుంపును నిందించే వార్త వస్తే, దానిలోని పేరు తీసి మన సంఘము పేరు పెట్టి చదవండి. నాతాను దావీదునొద్ద చేసినది ఇదే (2 సమూయేలు 12). పేర్లు లేకుండా కథ చెప్పాడు. ఎవరి కథో తెలియదు గనుకనే దావీదు తీర్పు సరిగా వచ్చింది.

2. నిర్గమకాండము 23:1, 2 లేనివార్తను పుట్టించవద్దని, జనసమూహము వెంట దుష్కార్యమునకు పోవద్దని ఆజ్ఞాపిస్తుంది. నిజమని తెలియని వార్తను మీ ఫోనులోనే ఆపండి. తప్పని తేలితే, మీరు పంపిన వారందరికీ ఆ సంగతి తెలియజేయండి.

3. సహాయము పంచేటప్పుడు మొదటి సంచి మన సంఘము కానివారి ఇంటికి పంపండి. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాటలాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగు అణచలేదు, ఏర్పాటును సరిదిద్దారు.

4. కుటుంబ ప్రార్థనలో మీరు ఓటు వేయని నాయకుని పేరు కూడా ఎత్తండి. మీకు దూరమైన గుంపులో చనిపోయినవారి ఇంటివారి కొరకు ప్రార్థించండి. మోకాళ్లమీద ఎవరి పేరు ఎత్తుతామో, వారిని వీధిలో తిట్టుట కష్టము.

రేపు మరొక ఆపద వస్తుంది. తుఫాను కావచ్చు, సరిహద్దులో కాల్పులు కావచ్చు. అప్పుడు మన బిడ్డలు భోజనము దగ్గర మన మాటలు వింటూ ఉంటారు. "వాళ్లు ఎవరు?" అని అడుగుతామో, "వాళ్లకేమి కావాలి?" అని అడుగుతామో, దానినే వారు నేర్చుకొంటారు. ఈ వారము కుటుంబ ప్రార్థనలో లూకా 13:1–5 చదివి, మీ ఇంటిలో ఏ గుంపును గురించి తేలికగా కఠినమైన మాటలు వస్తున్నవో నిదానముగా మాట్లాడుకొనండి.

న్యాయమైన త్రాసు గల దేవుడు మన సంచిలోని రెండవ రాయిని పారవేయుటకు మనకు ధైర్యమిచ్చును గాక. ఆమెన్.